మూత తీయవద్దన్న పెట్టె

మా వీధిలో ఎవరు పోయినా ముందు మా అక్క బెల్లా తలుపు తట్టేవారు. డాక్టరూ, పాదిరీ ఆ తర్వాతే. శవాన్ని కడిగి, గడ్డం గీసి, మంచి బట్టలు తొడిగి, ముందుగదిలో పెట్టెలో పడుకోబెట్టి, "ఇక రండి, చూడండి" అనేదాకా పనంతా ఆమెదే. గనిలో కప్పు కూలి మా బావ పోయినప్పుడు కూడా ఇంకొకరిని చెయ్యి వేయనివ్వలేదు. నేను చూడలేక పెరట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి బావ నిద్రపోతున్నట్టు ఉన్నాడు. ఎలా చేసిందో నేను అడగలేదు.

"బెల్లా, నా వంతు వచ్చినప్పుడు చన్నీళ్ళు పోయకు. ఇప్పుడే చెప్తున్నా" అని పక్కింటి టామీ స్టోకో వేళాకోళం ఆడేవాడు.

"నిన్ను బతికుండగానే నానబెట్టాలి. చచ్చాక మొదలుపెడితే ఆ మురికి వదలదు" అనేది అక్క.

ఆమెకు ఒక్కడే కొడుకు, విల్ఫ్. నేను చదువు మానేసి గనిలో దిగినవాణ్ణి, మా నాన్న కూడా అంతే. వాడు మాత్రం దిగకూడదని అక్క పంతం. యుద్ధం అయిపోయినా కుర్రాళ్ళందరూ రెండేళ్ళు సైన్యంలో పనిచేయాలన్న చట్టం ఇంకా ఉంది. వాడికి వైమానిక దళం దొరికింది. జెట్ విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. "మా ఇంట్లో భూమికి పైన పనిచేసే మొదటివాడు నా కొడుకే" అని కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పేది.

ఆ మార్చిలో తంతి వచ్చింది. తర్వాత రైల్లో పెట్టె వచ్చింది. పెట్టెతో పాటు ప్రౌట్ అనే అధికారి వచ్చాడు. మీసం సరిగా మొలవని కుర్రాడు, విల్ఫ్ కంటే రెండుమూడేళ్ళు పెద్దవాడేమో. శవబండి వీధి మలుపులో ఆగి ఉంది. ముందు మాట్లాడాలని అతను వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. పక్కనే సబ్బు, తువ్వాలు, విల్ఫ్ ఆదివారం సూటు, తోమిన బూట్లు.

అతను వాటిని చూసి టోపీ చేతుల్లో తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"కూర్చో నాయనా. టీ తాగు. చక్కెర రెండు చెంచాలు వేశాను, మొహమాటపడకు" అంది అక్క. ఇంకా రేషను రోజులు. ఆ చక్కెర వీధంతా కలిసి పోగుచేసింది.

"ఏం జరిగింది బాబూ?" అన్నాను.

చెప్పాడు. ఆ విమానానికి రెండు ఇంజన్లు. గాలిలో ఒకటి ఆగిపోతే రెండోదానితో ఎలా దిగాలో నేర్పుతారు. అందుకని నేర్పేవాడే ఒకదాన్ని ఆపేస్తాడు. ఆ రోజూ ఆపాడు. దిగబోతుండగా వేగం తగ్గింది, విమానం ఒక పక్కకు తిరగబడి పొలంలో పడింది. ఇద్దరూ పోయారు.

"అంటే ఇంజను చెడిపోలేదా?"

"లేదండీ."

"బాగున్న ఇంజనునే ఆపారు."

"అది అభ్యాసమండీ. నిజంగా ఆగిపోయిన రోజున ప్రాణం దక్కాలని..."

"నిజంగా ఆగిపోయి ఎంతమంది పోయారు, ఈ అభ్యాసంలో ఎంతమంది పోయారు?"

టీ కప్పులోకి చూశాడు. "నేనున్నప్పటినుంచీ అందరూ అభ్యాసంలోనేనండీ."

అతన్ని కొట్టాలనిపించింది. రేపు వెళ్ళి అతనూ ఒక ఇంజను ఆపుకుని దిగాల్సినవాడేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

"మాటీ, కబుర్లు చాలు. నీళ్ళు చల్లారిపోతాయి. వాణ్ణి లోపలికి తీసుకురండి" అంది అక్క.

మా ఇళ్ళ నడవాలో పెట్టె మలుపు తిరగదు. కిటికీ చట్రం ఊడదీసి వీధిలోంచి అందిస్తాం. నేనూ టామీ వీధిలో, ఇద్దరు గదిలోపల. తలవైపు ముందు పంపడానికి ఎత్తి వాల్చాం. లోపల ఏదో తట్టలోంచి బొగ్గు జారినట్టు జరజరా జారి, కాళ్ళవైపు దబ్బున పడింది.

నలుగురం ఆగిపోయాం. మనిషి అలా జారడు. మేం చాలా శవాలు మోసినవాళ్ళం.

"ఏంటది?" అంది అక్క గుమ్మంలోంచి.

"ఏం లేదక్కా. నా పట్టు జారింది."

"నా చెవుల్లో దూది పెట్టుకున్నానా? దించండి. మూత తియ్యి."

"అమ్మా, మూత తీయకూడదని ఆజ్ఞ" అన్నాడు ప్రౌట్.

"నా ఇంట్లో ఆజ్ఞలేంటి? మొగుడి తల ఈ చేతులతో సరిచేశాను. కన్నవాణ్ణి చూడలేననుకున్నావా?"

"అది కాదమ్మా." "కడగడానికి... ఏమీ లేదమ్మా."

అక్క అతన్ని చూడలేదు. పెట్టెను గదిలోకి దించి నేనూ లోపలికి వచ్చాక నా వైపు చెయ్యి చాచింది. స్క్రూడ్రైవర్ ఇవ్వకుండా మరలు నేనే విప్పాను. నేను విప్పకపోతే గోళ్ళతో పీకేది.

లోపల ఇసుక మూటలు. వాటి మధ్య రొట్టె డబ్బా అంత రేకు పెట్టె, చుట్టూ సీలు వేసి ఉంది.

"దాన్ని మాత్రం తెరవకండమ్మా, మీకు దండం పెడతాను" అన్నాడు ప్రౌట్. ఏడుస్తున్నాడు.

అక్క దాన్ని రెండు చేతులతో ఎత్తింది. "పుట్టినప్పుడు ఇంతకంటే బరువున్నాడు" అంది. కన్నీళ్ళు లేవు. ఇసుక మూటలు ఒక్కొక్కటే తీసి కిటికీలోంచి ప్రౌట్‌కు అందించింది. "ఇవి మీవి. తీసుకుపో."

తర్వాత మమ్మల్ని గదిలోంచి పంపేసింది. కాచిన నీళ్ళతో ఏం చేసిందో తెలియదు. నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది. పిలిచినప్పుడు వెళ్ళి చూస్తే పెట్టెలో సూటు పడుకుని ఉంది. చొక్కా గుండీలు పెట్టి ఉన్నాయి, టై కట్టి ఉంది, పంట్లాం కింద బూట్లు. కోటు ఛాతీ దగ్గర రేకు పెట్టె ఎత్తుగా తెలుస్తోంది. కాలరు పైన తెల్లటి దిండు. దాని మీద నొక్కు కూడా లేదు.

"ఇక రండి, చూడండి" అంది.

వచ్చారు. చూడటానికి వచ్చినవాళ్ళు నుదుటి మీద చెయ్యి వేసి వెళ్ళడం మా వైపు పద్ధతి. అలా వేస్తే పోయినవాళ్ళు కలలోకి రారంటారు. ఒక్కొక్కరూ చెయ్యి చాచేవారు, అది గాల్లో ఆగిపోయేది, చివరికి కోటు చేతిని తాకి తల వంచుకుని పోయేవారు. టామీ కోటు గుండీ పట్టుకుని కాసేపు వదల్లేదు.

అందరూ వెళ్ళాక అక్క దగ్గరికొచ్చింది. చెయ్యి దిండు మీదికి తెచ్చింది, కాలరు మీదికి తెచ్చింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నేనెక్కడ వెయ్యాలిరా మాటీ?"

"డబ్బా మీద వెయ్యక్కా."

"అది వాడేనని ఎవరికి తెలుసు? ఇద్దరు పోయారన్నాడుగా."

అక్క చెయ్యి గౌనుకు తుడుచుకుంది, తడేమీ లేకపోయినా. "మూసెయ్యి" అంది.

మరలు బిగించాను. నలుగురం వంగి, ఎప్పటిలా బలమంతా పెట్టి ఎత్తాం. పెట్టె ఒక్కసారిగా పైకి లేచిపోయింది. అక్క చూస్తూ నిలబడింది. బరువున్నట్టే మోసుకుపోయాం.