గొంతు గుండీ

మొగల్‌పురాలో దర్జీ వహీద్ పొద్దున్నే చేసే పని ఒకటే. దుకాణం ముందు నీళ్లు చల్లి, కొక్కేనికి వేలాడే నల్ల షేర్వాణి తీసి దులిపి ఎండలో వేస్తాడు. పక్కన కూర్చుని, దానికి వినబడేటట్టు పేపరు చదువుతాడు.

ఆ షేర్వాణి పదకొండేళ్లుగా ఇంటర్వ్యూలకు వెళ్తోంది. గల్లీలో ఎవరికి పిలుపు వచ్చినా దాన్నే అడిగి తీసుకుపోయేవారు. గొంతు దాకా గుండీలు పెట్టుకుని కూర్చుంటే చాలు, పెద్దలు ఏది అడిగినా జవాబు నోట్లోంచి దానంతటదే వచ్చేది. తపాలా కచేరీలో ఇద్దరు, అదాలతులో ముగ్గురు అలాగే కుదురుకున్నారు. దానికున్న లోపమల్లా ఒక్కటే. ఎప్పుడో నేర్చుకున్న జవాబులే తప్ప కొత్త ముక్క ఒక్కటీ పట్టేది కాదు. వహీద్ ఎన్నేళ్లు పేపరు చదివి వినిపించినా ఫలితం లేదు. మొద్దు బట్ట అని విసుక్కుని, మర్నాడు మళ్లీ చదివేవాడు.

1941లో యూనివర్సిటీకి న్యాయశాస్త్రం, తత్వశాస్త్రం రెండూ చెప్పగల ప్రొఫెసర్ కావాలని ప్రకటన పడింది. ఆ గల్లీ నుంచి ఇద్దరికి పిలుపు వచ్చింది. పొద్దున వామన్‌రావుకు, అదే రోజు మధ్యాహ్నం తాహిర్‌కు. తాహిర్‌కు ఇంకా ముప్పై నిండలేదు. వామన్‌రావుకు వచ్చే నెల నలభై ఐదు నిండుతాయి, ఆ తర్వాత అర్జీ కూడా తీసుకోరు. పద్దెనిమిదేళ్లుగా ఇంటి అరుగు మీద వకాలత్ పరీక్ష పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. యూనివర్సిటీ తరగతిలో నిలబడాలని ఒకటే ఆశ. సొంత కోటు వేసుకుని రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ ఉత్త చేతులతో వచ్చాడు.

"ఫికర్ చెయ్యకు రావ్ సాబ్," అన్నాడు వహీద్. "పన్నెండుకల్లా తెచ్చియ్యి, తాహిర్ తొడుక్కుంటడు. గొంతు గుండీ మాత్రం ఇప్పకు. ఇప్పితే ఇది నోరు మూస్తది. పెద్దల ముంగట గుండీ ఇప్పుకునుడు మర్యాద గూడ కాదు, బేఅదబీ."

ఆ గుండీ వామన్‌రావు భార్య సులోచన తన చేత్తో పెట్టింది. "ఈ ఒక్కపూట దాని మాట ఇనుండ్రి. మీ మాట ఇనేటందుకు ఇంట్ల నేనున్న గద," అంది మొగుడితో.

కమిటీకి పెద్ద ఇషాక్ సాహెబ్, పింఛను పుచ్చుకున్న జడ్జి. పక్కన ఇద్దరు మెంబర్లు. మాటలన్నీ ఉర్దూలోనే. అరగంట సేపు షేర్వాణి జవాబులు చెప్పింది, వామన్‌రావు ఊరికే నోరు కదిపాడు. పెద్దలు తలలూపారు.

"హక్ అంటే ఏంది?" అని అడిగారు ఇషాక్ సాహెబ్.

"హక్ అంటే సర్కారువారి దయ..." అని మొదలుపెట్టింది షేర్వాణి.

వామన్‌రావుకు సిగ్గు వేసింది. ఈ మాట అన్నాక ఆ అరుగు మీద పిల్లల మొహాలు ఎట్లా చూడాలో తెలియలేదు. చెయ్యి పైకి పోయి గొంతు గుండీ విప్పేసింది.

"మాఫ్ చెయ్యుండ్రి, గది నా జవాబు కాదు. హక్ అంటే అధికారం ఒకటే కాదు, సత్యం గూడ. మా తెలుగోళ్లు హక్కు అని ఆ మాట తెచ్చుకున్నరు గని సగమే తెచ్చుకున్నరు, సత్యం ఉర్దూలనే ఇడిసిపెట్టిన్రు. సత్యాన్ని ఎవరన్న దయతోని ఇస్తరా? హక్ గూడ గంతే."

ఇషాక్ సాహెబ్ అతని మొహం చూడలేదు, విప్పిన గుండీ చూశారు. "ఇగ పోవచ్చు," అన్నారు.

"గుండీ ఇప్పిన భాయ్," అని వామన్‌రావు షేర్వాణి తిరిగిచ్చాడు. వహీద్ దాన్ని ఇస్త్రీ చేసి తాహిర్‌కు తొడిగాడు.

మధ్యాహ్నం తాహిర్‌నీ అదే ప్రశ్న అడిగారు. గుండీలన్నీ పెట్టుకునే ఉన్న తాహిర్ నోట్లోంచి వచ్చింది, "సత్యాన్ని ఎవరన్న దయతోని ఇస్తరా? హక్ గూడ గంతే."

మెంబర్లు ఒకరినొకరు చూసుకున్నారు. పొద్దున పొగరుగా వినిపించిన మాట, రెండోసారి వింటే శాస్త్రంలా ఉంది.

"ఏ కితాబుల, ఏ పుస్తకంల ఉన్నది గిది?" అడిగారు ఇషాక్ సాహెబ్, కలం తీసి పట్టుకుని.

"కితాబుల లేదు సాబ్. నేను అన్లే, షేర్వాణి అన్నది. పొద్దున రావ్ సాబ్ తొడుక్కుని వచ్చిండు, ఆయన తాన నేర్చుకున్నట్టుంది."

ఎడమ పక్కనున్న చిన్న మెంబరు గుండీలను పోల్చుకున్నాడు. అతని మొదటి కొలువు ఆ షేర్వాణిలో వచ్చిందే. "వహీద్ భాయ్‌ది గద? దీనికి ఇన్నేండ్ల సంది ఎవ్వడూ ఒక్క ముక్క నేర్పలేకపోయిండు," అన్నాడు.

ఇషాక్ సాహెబ్ కాసేపు షేర్వాణి వంక చూశారు. "గుండీ ఇప్పి రెండు మాటల్ల దీనికే నేర్పినోడు పోరగాండ్లకు నేర్పలేడా?" అని, వామన్‌రావు పేరు రాసి దస్కత్ చేశారు.

ఎనిమిదో రోజున హుకుం కాగితం చేతికొచ్చింది. వామన్‌రావు చెప్పులు కూడా వేసుకోకుండా తాహిర్ ఇంటికి పరుగెత్తాడు. జరిగిందంతా తాహిర్ నోటే విని అడిగాడు.

"ఏదన్న ఒక కితాబు పేరు చెప్తే కొలువు నీదే ఉండె గద తమ్మీ?"

"చెప్తమనే అనుకున్న అన్నా. పేరు నాలిక దాక వచ్చింది," అన్నాడు తాహిర్. "గని నోట్లకెల్లి నిజం వచ్చింది. గది నేను చెప్పిన్నో, నువ్వు నేర్పినంక షేర్వాణి చెప్పిందో, నాకైతే తెల్వదు."