నలభై ఎనిమిది నీలికళ్ళు

డియోలిండా పుల్ల చివరి మైనాన్ని పెదవులకు ఆనించి కాస్త వెచ్చబెట్టి, ఎడమ గిన్నెలోంచి ఆవగింజంత ఆకుపచ్చ గాజురాయిని అంటించుకుంది. పక్కకి తిరిగినట్టు పోతపోసిన గిల్టు సముద్రగుర్రం ఒంటి కంటిగుంటలో జిగురు చుక్క ముందే పెట్టి ఉంది. రాయిని అందులో కూర్చోబెట్టి, గోటితో నొక్కి పట్టి, పుల్లను పక్కకు తిప్పి లాగేసింది.

గుర్రం ఆమె వంక చూసింది.

అమెరికాలో, ప్రావిడెన్స్ ఊళ్ళోని ఈ నగల కార్ఖానాలో ఆమె ఇరవై తొమ్మిదేళ్ళుగా పీతలకీ చేపలకీ కళ్ళు పెడుతోంది. కన్ను అమరగానే ఏ ప్రాణైనా మొదట చూసేది తననే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొగుడు పోయాక ఇంట్లో తన వంక చూసేవాళ్ళు లేరు. ఇక్కడ రోజుకు మూడు వందలమంది.

ఈమధ్య ఆకుపచ్చా నీలం ఒకేలా కనిపిస్తున్నాయి. పొద్దున్నే మేస్త్రీ అసుంతా బల్లమీదికి వంగింది.

"ఏంటక్కా, నిన్నటి పీతలన్నీ నీలికళ్ళ దొరసానులైపోయాయి? ఇంకొక్క ట్రే వెనక్కొస్తే నేను దాచలేను. తర్వాత నన్ను తిట్టుకోకు."

"నిన్ను తిట్టుకోకపోతే నాకు పొద్దెలా పోతుందే?"

అందుకే ఇవాళ ఆకుపచ్చ ఎడమ గిన్నెలో, నీలం కుడి గిన్నెలో పెట్టుకుంది. చూడక్కర్లేదు, చెయ్యి ఎడమకి పోతే చాలు. మధ్యాహ్నానికి మూడు ట్రేలు, ఒక్క తప్పు లేదు. ఆ సంతోషంలో మెట్లమీద ఎండలో కూర్చుని రొట్టె, సార్డిన్ చేపలు తిని వేళ్ళు కూడా నాక్కుంది.

తిరిగొచ్చేసరికి బల్ల అద్దంలా ఉంది.

"అంతా జిగురేగా పిన్నీ, గీకి తుడిచేశా," అంది పక్కబల్ల ఇల్డా.

"చల్లగా ఉండవే."

మూడింటికి ట్రే వెనక్కొచ్చింది. నలభై ఎనిమిది గుర్రాలు, అన్నిటికీ నీలికళ్ళే. అసుంతా దాన్ని బల్లమీద పెట్టి నిలబడింది. ఇల్డా గిన్నెల వంక చూసి పాలిపోయింది.

"నేనే పిన్నీ. తుడిచేటప్పుడు అటుది ఇటు పెట్టేశా. పైవాళ్ళకి చెప్తా, ఉండు."

"గిన్నెలు మార్చింది నువ్వే. నలభై ఎనిమిది సార్లు పోల్చుకోలేకపోయింది నేను. కూర్చో."

డియోలిండా కుడి గిన్నెలోంచి ఒక రాయిని పుల్లకు అంటించి ఎత్తి పట్టుకుంది.

"ఇదేం రంగే?"

"ఆకుపచ్చ, పిన్నీ."

ఆమె తల ఊపింది. ఏప్రన్ విప్పి మడతపెట్టింది. "ఈ పిల్లకి నా చోటివ్వు అసుంతా, చెయ్యి నిలకడైనది," అని భోజనం డబ్బా తీసుకుని మెట్లు దిగింది. యంత్రాల చప్పుడు ఆగలేదు. కొత్త ట్రేల మీద వంగిన తలలేవీ లేవలేదు.

బల్లమీద ఆమె పుల్ల ఉంది. మైనం చివర ఆకుపచ్చ రాయి, ఏ గుర్రానికీ కన్ను కాకుండా, మెట్ల వైపు తిరిగి మెరుస్తోంది.