హారన్ లేని బండి

నేను ఒక మోటారు సైకిల్‌ని. మీ వీధుల్లో తిరిగే రకాన్ని మాత్రం కాదు. నాకు ముందు లైటు లేదు, అద్దాలు లేవు, వెనక ఇంకొకరు కూర్చోవడానికి సీటు లేదు, చీర కొంగు చక్రంలో పడకుండా కాపాడే జాలీ లేదు. హారన్ అసలే లేదు. తారు రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. బురద, రాళ్లు, వాగులు, నిట్టనిలువు గుట్టలు, ఇవే నా దారులు. ఇప్పుడు రేకుల షెడ్డు వెనక పడి ఉన్నాను కదా అని నా వంక జాలిగా చూడకండి. జాలి నాకు గిట్టదు. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను, గుర్తుపెట్టుకోండి. నా బతుకులో నా ఇంజన్ తనంతట తాను ఎన్నడూ ఆగలేదు. ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆపారు.

నేను పుట్టింది జపాన్‌లో. నా మొదటి యజమాని పందేల కుర్రాడు. గెలిచిన రోజు తాను గెలిచానని చెప్పుకునేవాడు, ఓడిన రోజు బండి మోసం చేసిందనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెతను చాలా ఏళ్ల తర్వాత ఒక తెలుగు ఆడమనిషి నోట విన్నాను గానీ, దాని అర్థం నాకు అప్పుడే ఒంటబట్టింది. రెండో యజమాని ఒక పెద్దమనిషి. నన్ను కొని హాల్లో నిలబెట్టి, వచ్చిన చుట్టాలందరికీ తానెంత సాహసవంతుడో వర్ణించేవాడు. ఆయన ఇంట్లో ఉన్నంతకాలం నా చక్రాలకు చిటికెడు మట్టి అంటలేదు. మనుషులు వింతవాళ్లు. పరుగెత్తేదాన్ని కట్టేసి తామే పరుగెత్తినట్టు మురిసిపోతారు.

ఆ తర్వాత ఓడెక్కి థాయిలాండ్ చేరాను. అక్కడ చియాంగ్ మైకి ఉత్తరాన, కొండల్లో, ప్రసిత్ అనే ఆయన సెలవులకు వచ్చేవాళ్లకు మట్టిదారుల మీద బండి నడపడం నేర్పుతాడు. మొదట మైదానంలో సాధన. చివరి రోజు వాగు దాటి, ఎర్రమట్టి ఎత్తు ఎక్కి, కొండ మీది తేయాకు తోట దాకా పోవాలి. మైదానంలో కుదరనివాళ్లను జీపులో ఎక్కించి తీసుకెళతాడు. జీపులో పోయినవాళ్లకూ పైన అదే టీ ఇస్తారు. కానీ అది తాగేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి, చక్కెర వేయడం మరిచిన టీ తాగుతున్నట్టు ఉంటాయి.

ప్రసిత్ మంచివాడు. పొట్టివాళ్లకు కాళ్లు అందాలని నా సీటు లోపలి స్పాంజిని కోసి ఎత్తు తగ్గించాడు. అయితే నేను ముసలిదాన్నయ్యానని, ఇంకోసారి మొరాయిస్తే విప్పేసి నా సామాన్లు మిగతా బండ్లకు వాడేస్తానని ఒకరోజు ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. సరిగ్గా అప్పుడే ఆ ముగ్గురూ దిగారు.

వాళ్లది కరీంనగర్. ముగ్గురిలో పెద్దవాడు సత్తయ్య, ముప్పై ఏళ్లు బస్సు నడిపి ఈమధ్యే రిటైరైన డ్రైవరు. ఆయన భార్య వినోద. మూడో మనిషి స్వరూప, సత్తయ్య బస్సులోనే ఏళ్ల తరబడి కండక్టరుగా చేసిన మనిషి. చామనఛాయ, పొట్టి ఆకారం, బస్టాండు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర వినిపించే గొంతు. థాయిలాండ్ చూడాలన్నది వినోద కోరిక. ఈ మట్టిబండి నేర్చుకోవాలన్నది స్వరూప పంతం. ఆ పంతం వెనక ఒక కథ ఉంది. వాళ్ల మాటల్లోనే ముక్కలు ముక్కలుగా విన్నాను. తాను కూడా బస్సు నడపడం నేర్చుకుంటానని స్వరూప ఒకప్పుడు డిపో ముందు టీకొట్టు దగ్గర అంటే అందరూ నవ్వారట. అందరికంటే ముందు నవ్వింది సత్తయ్యేనట. అంత మంది నవ్వాక ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బండి కదలాలని చెప్పేది ఆమె, కదిపేది వేరొకరు. జీవితమంతా అలాగే గడిచింది.

మొదటి రోజు పొద్దున వినోద నా ముందు భాగానికి కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. ప్రసిత్ ఏమీ అడగలేదు. వాళ్ల దేశంలోనూ బండ్లకు పూలదండలు వేస్తారు, కనుక ఈ మర్యాద ఆయనకు అర్థమైంది. నిమ్మకాయలు చితికాయి, స్వరూప హెల్మెట్ పెట్టుకుంది, నేను కదిలాను. ఎడమ చేతి కింద ఉన్నది బ్రేకు కాదని, క్లచ్ అని అలవాటు పడటానికి ఆమెకు ఒక పూట పట్టింది. నాలుగుసార్లు పడింది. పడిన ప్రతిసారీ నన్నే ముందు లేపి, తర్వాత తన మోకాలు చూసుకుంది. నాకు ఆ మనిషి నచ్చింది.

చిక్కంతా మలుపుల దగ్గర వచ్చింది. తిన్నగా ఉన్నంతసేపు బాగానే పోయేవాళ్లం. మలుపు రాగానే నా ఇంజన్ ఠక్కున ఆగిపోయేది. ఒక కోడి అడ్డం వచ్చినా అంతే, పొద మాటున దారి కనిపించకపోయినా అంతే. ప్రసిత్ ప్లగ్గు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు, పెట్రోలు పైపులు ఊదాడు. ఎక్కి తాను నడిపితే నేను గుర్రంలా తిరిగి వచ్చాను. స్వరూప ఎక్కితే మళ్లీ మలుపులో ఆగాను. తప్పు బండిదో మనిషిదో తేలక ఆయన తల గోక్కున్నాడు.

నాకు తెలుసు. చెప్పే నోరే లేదు. నా ఎడమ పిడి పక్కన ఒక చిన్న బొత్తాం ఉంటుంది. పడిపోయినప్పుడు చక్రం తిరుగుతూ కాలు మీదికి రాకుండా ఇంజన్ ఆపేది అదే. మీ స్కూటర్లకు సరిగ్గా అదే చోట హారన్ ఉంటుంది. కరీంనగర్ సందుల్లో స్కూటీ నడిపి నడిపి, మలుపు చూడగానే ఆమె బొటనవేలు తనకు తెలియకుండానే దాన్ని నొక్కేది. హారన్ కొట్టాననుకుని ముందుకు పోవాలని చూసేది, నేను చచ్చి నిలబడేదాన్ని. నింద మాత్రం నాకు.

మరునాడు మధ్యాహ్నానికి సత్తయ్యకు ఓపిక నశించింది. తప్పుకొమ్మని, ముప్పై ఏళ్ల చెయ్యి ఎలా ఉంటుందో చూపిస్తానని నా మీద ఎక్కాడు. బురుజులాంటి మనిషి, నా స్ప్రింగులు మూలిగాయి. తిన్నగా దర్జాగా పోయాడు. మొదటి మలుపులో ఆగాను. రెండో మలుపులో ఆగాను. మూడోదాన్లో నాతోపాటే బురదలో పడ్డాడు. ప్రసిత్ దూరం నుంచే చెయ్యి ఊపేశాడు. ఇద్దరి కిందా ఆగిందంటే బండిలోనే లోపమని, రేపే విప్పేస్తానని ఫోను తెరమీద తెలుగులోకి మార్చి చూపించాడు. రేపు స్వరూపను జీపులో కూర్చోమన్నాడు. మిగతా బండ్లు ఆమెకు ఎత్తు ఎక్కువ.

అలా ఒక్క మధ్యాహ్నంలో మా ఇద్దరి పనీ అయిపోయింది. నేను తుక్కు, ఆమె జీపు. నాకు ఒళ్లు మండిపోయింది.

స్వరూప మాత్రం సత్తయ్య పడిన చోటే చూస్తూ నిలబడింది. ఏళ్ల తరబడి ఆ మనిషి వెనకే నిలబడి ప్రయాణం చేసింది ఆమె. మలుపుకు ముందు రెండు పొట్టి హారన్లు కొట్టనిదే ఆయన బస్సైనా స్కూటరైనా తిప్పడని, ఖాళీ రోడ్డైనా అంతేనని ఆమెకు తెలిసినట్టు వినోదకు కూడా తెలియదు. ఇంకొక్కసారి తిరగమని ఆయన్ను బతిమాలింది. ఈసారి చక్రం వంక చూడలేదు, ఇంజన్ వంక చూడలేదు, ఆయన ఎడమ చేతి వంకే చూసింది. మలుపు వచ్చింది. బొటనవేలు రెండుసార్లు కదిలింది. నేను ఆగాను.

"ఇంజన్ మంచిగనే ఉన్నది సత్తన్నా," అంది. "మన బొటనవేలే మంచిగ లేదు."

ఆ మాట ప్రసిత్‌కు అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది. అడవిలో, మనిషి జాడ లేని మలుపులో, హారన్ ఎవరికి కొడతారని ఆయన సందేహం. వాళ్ల దేశంలో హారన్ కొట్టడమంటే ముఖం మీద తిట్టినట్టు. తమ దగ్గర అది తిట్టు కాదని, వస్తున్నానని చెప్పే పలకరింపని స్వరూప చేతులు తిప్పుతూ వివరించింది. ఆయన నవ్వి, నా ముందు పలక మీద తట్టాడు. తుక్కు మాట ఆ పూటకు వాయిదా పడింది. కానీ బొత్తాం తీసేయమంటే ఒప్పుకోలేదు, పడితే ప్రాణం కాపాడేది అదేనన్నాడు. సాయంత్రంలోగా వేలు అదుపులోకి వస్తే రేపు కొండెక్కవచ్చు, లేదంటే జీపే.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. సత్తయ్య వేలు ఆ సామెతను నిలబెట్టింది. ఎంత తిట్టుకున్నా మలుపులో లేచేది. చివరికి ఆయన గ్లవుజులు విప్పి, మోకాళ్ల నొప్పులని చెప్పి, తాను జీపులోనే వస్తానన్నాడు. తనతోపాటే స్వరూపనూ రమ్మన్నాడు.

"ఎందుకే ఈ పంతం, జీపుల కూసో," అన్నాడు. "మీద ఫోటో దిగుదువు గని."

"ఇన్నేండ్లు నీ బండికి రైట్ రైట్ అన్న," అంది స్వరూప. "ఇగ ఒక్కపారి నా బండికి నేనే అనుకుంట."

మళ్లీ ఎక్కింది. వేలును అణచాలని చూసినకొద్దీ అది ఎగిరిపడుతోంది. అప్పుడు ఆమెకు ఒకటి తట్టింది. వేలు చేసే పనిని ఇంకెవరికైనా అప్పగిస్తే సరిపోతుంది కదా. మలుపు వచ్చింది. బొటనవేలును పిడి కింద బిగించి పట్టుకుని, గొంతెత్తి "జరుగుండ్రి" అని అరిచింది. మైదానం చివరి వెదురుపొదల్లోంచి పిట్టలు లేచిపోయాయి. నేను ఆగలేదు. రెండో మలుపులోనూ అరిచింది. ఆగలేదు. వినోద కడుపు పట్టుకుని నవ్వుతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను పుట్టాక ఎవరూ నాకివ్వనిది ఆ మనిషి ఇచ్చింది, ఒక గొంతు.

మరునాడు వాగు దాటాం. నీళ్లు నా ఇంజన్ దాకా వచ్చాయి, పొగ గొట్టం బుడబుడమంది, ఆమె నిలబడే నడిపింది. అవతల ఎర్రమట్టి ఎత్తు. రాత్రి కురిసిన వానకు నున్నగా నానిపోయి ఉంది. నడి ఎత్తులో ఒక మలుపు. అక్కడ ఆగితే వెనక్కి జారడమే, జారితే వాగులోకే. ఎత్తు అడుగున స్వరూప నన్ను నిలిపింది. క్లచ్ పట్టుకునే ఉంది, వదలలేదు. వెనక జీపులో వినోద వద్దే వద్దని సైగలు చేస్తోంది. ఆ పక్కన సత్తయ్య కూర్చుని ఉన్నాడు, ఒకప్పుడు అందరికంటే ముందు నవ్విన సత్తయ్య. ఆయన కాసేపు ఆ ఎత్తు వంక, కాసేపు ఆమె వీపు వంక చూశాడు. తర్వాత జీపు రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు, కండక్టర్లు బస్సు పక్కన కొట్టినట్టే.

"రైట్ రైట్," అన్నాడు. నవ్వుతూ అనలేదు.

స్వరూప వెనక్కి తిరగలేదు. క్లచ్ వదిలింది.

సగం ఎత్తు నోరెత్తకుండా ఎక్కాం. మలుపు తిరగబోతుండగా దారికి అడ్డంగా ఒక గేదె, పక్కన దూడ. ఆమె వేలు పిడి కింద ఎగిరిపడటం నాకు తెలుస్తూనే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ఇద్దరం వాగులో ఉంటాం. నొక్కలేదు. గొంతు పగిలేలా అరిచింది. ఆ గేదెకు తెలుగు వచ్చే అవకాశం లేదు. అయితేనేం, పండగ రోజు బస్సు ఫుట్‌బోర్డు మీది జనాన్నే లోపలికి జరిపిన గొంతు అది. గేదె ఒకసారి చూసి, దూడను తీసుకుని, పక్కకు జరిగింది. నా వెనక చక్రం అటూ ఇటూ కొట్టుకుంటూ మట్టిని కరిచిపట్టింది. ఎక్కేశాం.

పైన తేయాకు తోట దగ్గర ఆమె నా ఇంజన్ ఆపింది. తానే, తెలిసి, ఆ బొత్తాం నొక్కి ఆపింది. తర్వాత హెల్మెట్ తీసి, నా పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చింది. జీపు వచ్చేసరికి కళ్లు తుడుచుకుని టీ అడిగింది. సత్తయ్య తన కప్పు కూడా ఆమెకే ఇచ్చాడు. టీకొట్టు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

వాళ్లు వెళ్లిపోయారు. ప్రసిత్ నన్ను ఆ ఏడు విప్పలేదు, తర్వాతి ఏడూ విప్పలేదు. ఆ తర్వాత ఒక గుట్ట మీద నా చట్రం విరిగింది. వయసుకు ఒళ్లు విరగడంలో తప్పేమీ లేదు, నేను దాన్ని దాచను. విప్పేశాడు. చక్రాలు ఒకదానికి పోయాయి, ఇంజన్ ఇంకోదానికి పోయింది. కుంకుమ మరక మిగిలిన ఈ ముందు పలక, ట్యాంకు, విరిగిన చట్రం షెడ్డు వెనక ఉన్నాయి. మీతో మాట్లాడుతున్నది ఇవే.

ఇప్పుడు మీ దేశం నుంచి ఎవరు వచ్చినా, బండి ఎక్కకముందే ప్రసిత్ వాళ్ల ఎడమ బొటనవేలు పట్టుకుని పిడి కింద పెడతాడు. మలుపులో ఏమని అరవాలో తానే అరిచి చూపిస్తాడు. దాని అర్థం ఆయనకు ఈనాటికీ సరిగ్గా తెలియదు. నేర్చుకోవడానికి వచ్చిన ఫ్రెంచివాళ్లకు, కొరియావాళ్లకు కూడా అదే నేర్పుతున్నాడు.

ఈ పొద్దున ఎవరో ఒక అమ్మాయి ఎర్రమట్టి ఎత్తు ఎక్కింది. ఏ దేశమో తెలియదు, యాస మాత్రం కరీంనగర్ కాదు. మలుపు దగ్గర "జరుగుండ్రి" అన్న కేక కొండంతా వినిపించింది. ఆ అమ్మాయి కింద ఉన్న ఇంజన్ నాది. నా చప్పుడు నాకు తెలియదా? చెవి ఒగ్గి విన్నాను. మలుపు దాటింది, పైకి పోయింది. ఆగలేదు.