హనుమయ్య ఛాతీ మీద కాలువ

పొద్దున కాఫీలయ్యాక సుబ్బరత్నం చేతులు సబ్బుతో కడుక్కుని, కళ్ళజోడు తగిలించుకుని, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తుంది. హనుమయ్య చొక్కా లేకుండా వచ్చి అందులో కూర్చుంటాడు. ఆవిడ ఎదురుగా పీట వేసుకుని, ట్యూబులోంచి శనగగింజంత జెల్లు తీసి, ఆయన ఛాతీ మీది మచ్చని పొట్ట దగ్గర్నుంచి గొంతు దాకా బొటనవేలితో రుద్దుతుంది. పది నిమిషాలని డాక్టరు చెప్పాడు. ఆవిడ గోడ గడియారం చూసుకుంటూ పది నిమిషాలే రుద్దుతుంది. పదకొండో నిమిషం బతిమాలినా ఇవ్వదు.

రెండేళ్ళ కిందట బెజవాడలో హనుమయ్యకి బైపాస్ చేశారు. గుండె బాగుపడింది గానీ కోసిన చోటు ఊరుకోలేదు. మూడో నెలకల్లా కుట్ల గీత ఎర్రగా ఉబ్బి, చిటికెనవేలంత లావున తాడులా లేచింది. "దీన్ని కెలాయిడ్ అంటారండీ. కొందరి ఒంటి తత్వం అంతే. కోసి తీసేద్దామంటే ఇంకా పెద్దదవుద్ది," అన్నాడు డాక్టరు.

ఆ మచ్చకి కొమ్మలు కూడా వచ్చాయి. ఒకరోజు గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకున్న హనుమయ్యకి మూడో పక్కటెముక దగ్గర ఎడమకి తిరిగిన వంపు ఎక్కడో చూసినట్టనిపించింది. అది లాకుల మలుపు. దాని కింద పుట్టిన రెండు పాయలూ పెద్ద తూములు. గొంతు గుంట దగ్గర బెజవాడ బ్యారేజీ, పొట్ట పైన తమ ఊరు చిలకలకోడు శివారు. ముప్పై నాలుగేళ్ళు ఆ కాలువకి లస్కరుగా చేసి, గట్టు మీద సైకిలు తొక్కి, తూము తలుపులు ఎత్తీ దించీ రిటైరైన మనిషి పోల్చుకోలేడా! "కాలువే వెతుక్కుంటూ వచ్చింది" అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు, అనుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

జూన్‌లో బ్యారేజీ దగ్గర నీళ్ళు వదలగానే ఆయనకి గొంతు కింద దురద మొదలయ్యేది. రోజురోజుకీ ఆ దురద కిందికి దిగేది. రైతులు చేలకి పోతూ గేటు దగ్గర సైకిళ్ళాపి, "బాబాయ్, దురద ఎందాకా వచ్చింది?" అని అడిగి, దాన్ని బట్టి నారుమళ్ళు దున్నుకునేవాళ్ళు. వాళ్ళకి బాగానే ఉండేది. రాత్రంతా గోక్కోకుండా చేతులు తలకింద పెట్టుకుని పడుకునే మనిషి సంగతి సుబ్బరత్నానికే తెలుసు. చొక్కా గుడ్డ తగిలితే మంట. మనవరాలు పరిగెత్తుకొస్తే గుండెలకి హత్తుకోలేక పక్కకి తిరిగేవాడు. కాలువలు కట్టేసిన వేసవిలో మచ్చలోకే ఇంజక్షన్లు ఇచ్చారు. రెండు వేయించుకుని, మూడోదానికి బస్సెక్కనని మొండికేశాడు. అందుకే శ్రావణమాసం నుంచి ఈ రుద్దుడు పడింది.

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా మొహం కన్నా నీటిమట్టం కొలిచే ఆ గేజి రాయినే ఎక్కువ చూశారు. ఇప్పుడు దాన్ని ఒంటిమీదే పెట్టుకుని కూర్చున్నారు," అనేది సుబ్బరత్నం. ఆయన నవ్వేవాడు. చెప్పుకోడానికి సిగ్గుగానీ, ఆ మచ్చ పూర్తిగా పోవడం ఆయనకీ ఇష్టం లేదు. రిటైరయ్యాక గట్టు మీదికి వెళ్ళినా ఎవరూ పని చెప్పరు. పాత క్వార్టరు పడగొట్టేశారు. తాటిముంజెలు కొట్టుకుంటూ, పడవ సరంగులు ఎప్పుడో వదిలేసిన పాటలు పాడుకుంటూ తిరిగిన రోజులన్నీ ఆ గీతలోనే మిగిలాయని ఆయనకి అనిపించేది.

ఆ అక్టోబరులో ఒక పొద్దున యేసుకుమార్ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. శివారున, కాలువ ఆఖరి తూము కింద అతనికి రెండెకరాలుంది. దురద ఊసు ఎత్తలేదు.

"పైరు పొట్ట మీదుంది బాబాయ్ గారూ. ఆగస్టు నుంచి మా తూముకి నీళ్ళు సరిగ్గా ఎక్కట్లేదు. ఒక్క తడి పడితే పంట, లేకపోతే అంతా తాలే. చేపల చెరువుకి లీజు అడుగుతున్నారు. సరేనన్నా. శుక్రవారం పొక్లెయిను వస్తది."

"ఒకసారి తవ్వితే మళ్ళీ చేను కాదు గదయ్యా," అన్నాడు హనుమయ్య.

"తెలుసండీ. బెజవాడ వన్ టౌన్‌లో ఒక గోడౌన్ ఆయన పనికి రమ్మన్నాడు. నాన్న బండి తోసింది ఆయన దగ్గరే."

హనుమయ్య చూపు తిప్పుకున్నాడు. సుబ్బరత్నం రుద్దుతూనే ఉంది. యేసుకుమార్ ఆవిడ బొటనవేలి వంక చాలాసేపు చూశాడు.

"పిన్నిగారూ, ఏమనుకోకండి. మీరు పైకి రుద్దుతున్నారు."

ఆవిడ వేలు ఆగిపోయింది. హనుమయ్య గడ్డం ఛాతీకి ఆనించి చూసుకున్నాడు. శ్రావణం నుంచి రోజూ పది నిమిషాలు, శివారు నుంచి బ్యారేజీ వైపుకి.

"రక్తం గుండెకి ఎక్కాలని రుద్దా," అంది సుబ్బరత్నం చిన్నబోయి.

"కాలువ ఎటు పారుద్దో తెలీదటే?" అన్నాడు హనుమయ్య.

"నాకెలా తెలుసుద్ది? ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా గట్టు మీదికి తీసుకెళ్ళారా?"

ఆయన ఆవిడ వేలు పట్టుకుని గొంతు గుంట దగ్గర పెట్టాడు.

ఆవాళ్టి నుంచి ఆవిడ గొంతు దగ్గర మొదలుపెట్టి కిందికి రుద్దింది. గడియారం వంక చూడటం మానేసింది. వేలు కదులుతుంటే ఆయన కళ్ళు మూసుకుని ఊళ్ళు చెప్పాడు. "ఇది లాకులు. ఇక్కడ పడవలు వరసగా ఆగేవి, సరంగులు చేపల పులుసు పెట్టేవాళ్ళు. ఇది తాడిచెట్ల గట్టు. ఇక్కడే సైకిలాపి నీ ఉత్తరం చదివా, పిల్ల పుట్టిందని. చదివి కాలువలో దూకి ఈతకొట్టా, ఎందుకో తెలీదు." సుబ్బరత్నం ఈ సంగతి ఎన్నడూ వినలేదు. తను పుట్టింట్లో ఉత్తరం కోసం ఎదురుచూసిన రోజులు గుర్తొచ్చి ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఇంత కాలానికి ఇద్దరూ కలిసి గట్టు మీద నడిచారు, కుర్చీలో ఒకరూ పీట మీద ఒకరూ కూర్చుని.

రోజుకి కాస్త చొప్పున మచ్చలో ఎరుపు, నీళ్ళు పారినట్టు, కిందికి జరిగింది. గురువారం పొద్దుటికి ఆఖరి తూము పైన ఆగింది. ఆ కొసని ముట్టుకోబోతే హనుమయ్య ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. అక్కడ ఎప్పుడూ దురద రాలేదు. మంట ఒక్కటే.

"అక్కడొద్దే."

"ఎందుకని?"

మణికట్టు వదలకుండానే చెప్పాడు. పాతికేళ్ళ కిందట వానలు ముఖం చాటేసిన ఏడు నీళ్ళు వంతులవారీగా ఇచ్చారు. శివారు వంతు వచ్చిన రోజున ఎగువ రైతులు పదిమంది కర్రలతో వచ్చి గట్టు మీద నిలబడ్డారు. ఆఫీసరు ఊళ్ళో లేడు. హనుమయ్య శివారుకి నీళ్ళు పోయే తలుపు దించేశాడు. శివారు వంతంతా, ఆరు రోజులు, దించే ఉంచాడు. యేసుకుమార్ తండ్రి శౌరయ్య చేను నిలువునా ఎండిపోయింది. శౌరయ్య వన్ టౌన్ వెళ్ళి గోడౌన్ మూటలు తోసే బండి పట్టి, ఆ మూటల మధ్యే పోయాడు.

"నేను దించకపోతే కొట్టేవాళ్ళు. కొడితే కొట్టించుకోవాల్సింది," అన్నాడు హనుమయ్య.

సుబ్బరత్నం ఆయన మొహంలోకి చూసింది. కోపమొచ్చింది, జాలేసింది, ఏది ముందో ఆవిడకే తెలీలేదు. తువ్వాలు మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"కొరుక్కోండి," అని కొస మీద వేలు నొక్కింది.

ఆయన తువ్వాలు కొరుక్కుని పెద్దగా మూలిగాడు. ఆవిడ వదల్లేదు. మచ్చ ఆగిపోయిన చోటు దాటి ఇంకో బెత్తెడు, చర్మం నున్నగా ఉన్నచోట కూడా రుద్దింది. ఎక్కడో తలుపు ఎత్తినట్టు ఆయన ఒళ్ళు ఒకసారి కుదిపేసి, మంట జారిపోయింది. పొట్ట మీద కొత్తగా సన్నటి ఎర్రగీత లేచి, దురద పెట్టింది. ఆయన నవ్వుతూ ఏడ్చాడు.

శుక్రవారం పది గంటలకి యేసుకుమార్ మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. తెల్లారేసరికి చేను నిండా నీళ్ళట. పొక్లెయిను గట్టు మీదే నిలబడిపోయిందట. దిగితే కూరుకుపోద్దని డ్రైవరు దింపలేదట. లీజు ఆయన కాసేపు తిట్టుకుని, ఇంకో ఊళ్ళో పని చూసుకుంటానని బండి తిప్పుకుపోయాడట.

సుబ్బరత్నం లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. హనుమయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నీతో ఒక మాట చెప్పాలి. ఆ ఏడు మీ నాన్న వంతు రోజున..."

"తెలుసండీ. మీరే దించారంట. నాన్న చెప్పేవాడు."

"తెలిసి కూడా మా మెట్టు మీద కూర్చున్నావటయ్యా?"

"నీళ్ళు మీ దగ్గరున్నాయి గదండీ. ఇంకెక్కడికి పోను?" అన్నాడు యేసుకుమార్. ఆ మాటలో నిష్ఠూరం లేదు, క్షమించానన్నదీ లేదు. హనుమయ్య తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఎవరైనా తిడితే బాగుండుననుకున్నాడు. ఇది తిట్టు కన్నా బరువుగా ఉంది, ఊపిరి మాత్రం తేలిగ్గా ఆడుతోంది.

మజ్జిగ తాగుతుంటే యేసుకుమార్ జేబులో ఫోను మోగింది. అతను తడిచేతిని లుంగీకి తుడుచుకుని, ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల మూటలు దింపుతున్న కేకలు, ఆటోల హారన్లు వరండా దాకా వినిపించాయి. ఎన్నింటికి బయలుదేరుతున్నావని అడుగుతున్నాడు గోడౌన్ ఆయన.

"రావట్లేదండీ," అన్నాడు యేసుకుమార్. "చేలో నీళ్ళున్నాయి."