అట్ట కింద అంగుళం

నది పక్కన రైలును ఫోటో మాస్టారు తీసినట్టు ఇంకెవరూ తీయలేరని పేరు. ఎన్ని ఇళ్లలో సోఫాల పైన ఆ రైలు వంపు తిరుగుతోందో చెప్పలేం. అంత గొప్పవాడి ఇంట్లో కట్టుకున్న భార్య ఫోటో ఒక్కటీ లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు!

నిజానికి ముప్పయ్యేళ్లూ ఆవిడ కెమెరా ముందే నిలబడింది. పట్టాల పక్క గట్టు మీద ఆవిడను నిలబెట్టి, దూరం సరిచూసుకునేవారు మాస్టారు. కూత వినబడగానే "పక్కకు జరుగు!" అని కేకేసేవారు. ఆవిడ జరిగేది.

"ఒక్కసారి నన్నూ తియ్యొచ్చుగా?" అని అడిగితే, "నువ్వెక్కడికి పోతావే? రైలైతే ఆగదు" అనేవారు.

రైళ్లు ఇప్పటికీ వస్తున్నాయి. ఆవిడే పోయింది. గుర్తింపు కార్డులోని బొమ్మను పెద్దది చేయిస్తే ఎవరో పరాయి మనిషిలా వచ్చింది. పాత ఫిల్ములు చూద్దామంటే చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇల్లు బోసిపోయింది. రెండేళ్లుగా ఆవిడ ముఖం కొంచెం కొంచెం మరుపున పడుతోందని ఆయనకు లోలోపల భయం. ఆ భయం చెప్పుకోవడానికీ ఎవరూ లేరు.

ఒకరోజు డాక్టరమ్మ అద్దం పగిలిన పటం ఒకటి మాస్టారి ఫోటోల దుకాణానికి తెచ్చింది. అది మాస్టారు తీసిన రైలే.

"గోడలకు రంగు మార్చామండీ. దానికి నప్పే ఫ్రేము కట్టండి" అని స్టూలు మీద కూర్చుంది.

మాస్టారు వెనక మేకులు పీకి, ఫోటో చుట్టూ అంగుళం మేర కప్పి ఉన్న తెల్ల అట్టను పైకెత్తారు. ఎడమ అంచున, రంగు వెలవకుండా, వేలెడంత మనిషి. ఆ రోజు ఆవిడ సరిగ్గా జరగలేదు. "అంగుళం పాడు చేశావు" అని విసుక్కుంటూ అట్ట వేసి కప్పింది మాస్టారే.

డాక్టరమ్మ తొంగి చూసింది. "అయ్యో, ఎవరో అడ్డమొచ్చారే! ఇదివరకట్లాగే కప్పెయ్యండి."

మాస్టారు చేతిలోని అట్టను బల్ల మీద పక్కన పెట్టేశారు. "మా ఇంటావిడమ్మా" అన్నారు. "పోయింది. వేరే ఫోటో లేదు."

డాక్టరమ్మ చప్పున లేచింది. "అంతా మీరే ఉంచేసుకోండి మాస్టారూ."

"వద్దమ్మా. రైలు మీది. నాకా అంచు చాలు."

కళ్లు మూసుకుని గీసినా గీత వంకర పోని చెయ్యి, ఆ అంగుళం కొయ్యడానికి మూడుసార్లు ఆగింది.

ఇంటికి తెచ్చి భూతద్దం పెట్టి చూశారు. నది అటు ఉంది, రైలు అటు నుంచే వస్తోంది. ఆవిడ మాత్రం ఇటు తిరిగి, కెమెరా వెనక ఉన్న మనిషిని చూస్తోంది. ఆ మనిషి ఆ క్షణాన రైలును చూస్తున్నాడు. మాస్టారు పసిపిల్లాడిలా ఏడ్చారు.

మర్నాడు ఆ సన్నటి పటాన్ని గోడకు తగిలించి నిలబడితే, దూరంగా రైలు కూసింది. అలవాటు కొద్దీ "పక్కకు..." అని నోట వచ్చేసింది. ఆయన ఆగిపోయారు.

"ఉండు" అన్నారు. "అక్కడే ఉండు."

ఆ మాట వినడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.