గడ్డిరాజుకు విడుదల

ఆ పెద్దమనిషిని మా ఊరికి పిలిచిన నా నోటిని నేనే తిట్టుకోని పూట లేదు.

గోంత్రాన్ గారిది షాంపేన్ తయారయ్యే రీమ్స్. ముప్ఫై ఏళ్ళుగా నురగ వైన్ల రుచి చెప్పి బతుకుతున్న మనిషి. ఊరూపేరూ లేని వైన్లు వెతుకుతున్నానంటే, దక్షిణ ఫ్రాన్సులో లిమూకి కూతవేటు దూరంలో ఉన్న మా ఊరికి రమ్మన్నాను. నేను చేసే నురగ వైన్ బ్లాంకెత్ తాగి ఆయన ఒక్క మంచిమాట అంటే చాలనుకున్నాను. వచ్చాడు. గ్లాసులో ముక్కు పెట్టి "ఊఁ" అన్నాడు. అంతే! ఒళ్ళు మండిపోయింది.

ముసుగులేసుకుని ఊరంతా చిందులేసే కార్నివాల్‌కి ఆ రోజే ఆఖరి రోజు. సాయంత్రం చౌరస్తాలో, గడ్డితో కట్టిన రాజు బొమ్మ మీద, అదే గడ్డిరాజు మీద విచారణ. వడగళ్ళు పడ్డా, చర్చి కప్పు కారినా, ఎవరి పెళ్ళాం అలిగి పుట్టింటికి పోయినా తప్పంతా ఆ బొమ్మదే. రొట్టెల కొట్టు బాతిస్త్, నా తమ్ముడే, జడ్జి. రాజు తరఫున ఎవరో ఒకరు లేచి, నాలుగు పిచ్చి మాటలు మాట్లాడి ఓడిపోతారు. బొమ్మను తగలబెడతారు. అందాకా మావాళ్ళు ముసుగు తియ్యరు, పనిలో చెయ్యి పెట్టరు. ఈసారి మర్యాదకని అతిథిని వకీలుగా నిలబెట్టారు.

ఆ మహానుభావుడు గెలిచాడు.

"అడుగు వెయ్యలేనివాడు వడగళ్ళు తేవడానికి ఆకాశానికి ఎలా వెళ్ళాడండీ? చూసినవాళ్ళెవరు?" అని దంచి పారేశాడు. మా బాతిస్త్ ముసుగులో వేలు దూర్చి కళ్ళు తుడుచుకున్నాడు. "నిజమే పాపం. విడుదల!" అన్నాడు.

చప్పట్లు కొట్టాక గాని ఎవరికీ వెలగలేదు. రాజు చావలేదు గనక కార్నివాల్ అయిపోలేదు. మర్నాడూ బ్యాండు మోగింది. ఆ మర్నాడూ మోగింది. పోస్టుమాన్ గులాబీరంగు పట్టు అంగీలో చిందులేస్తున్నాడు. పళ్ళ డాక్టరు ముసుగు తియ్యనంటాడు, ఎవరి నోరూ చూడనంటాడు. నిర్దోషి కదా అని గడ్డిరాజుకి కాఫీ హోటల్లో కుర్చీ వేశారు. పక్కనే గోంత్రాన్ గారు. రైలెక్కడం మానేసి, గ్లాసు మీద గ్లాసు నా వైనే తాగుతున్నాడు.

నా ప్రాణం వైన్ తొట్టెల్లో ఉంది. బ్లాంకెత్‌ని మార్చి నెల కృష్ణపక్షంలో, ఇంకా కాస్త తీపి ఉండగానే సీసాల్లోకి ఎక్కించాలి. ఆ తీపే సీసాలో నురగ కడుతుంది. ఆలస్యమైతే తీపంతా తొట్టెలోనే హరించుకుపోయి, ఏడాది కష్టం పుల్లనీళ్ళవుతుంది. సీసాలు నింపాల్సినవాళ్ళు చూస్తే వీధిలో గెంతుతున్నారు.

బాతిస్త్ మీద పడ్డాను. "ఒరేయ్, ఆ బొమ్మని తగలబెట్టించరా, నీకు పుణ్యం ఉంటుంది!"

"ఎలా అక్కా? కోర్టు వదిలేసినవాణ్ణి కాలిస్తే హత్య కాదూ?"

"గడ్డిరా అది, వెధవా!"

"గడ్డయితే మాత్రం? కొత్త నేరం ఏదన్నా పట్రా, చూద్దాం."

సరే, పట్టుకొచ్చాను. చౌరస్తాలో మళ్ళీ కోర్టు పెట్టించి బోనెక్కాను. "ఈ రాజు నాతో ఏమన్నాడో తెలుసా? నురగ వైన్ అంటే షాంపేన్ ఒక్కటేనట! మిగతావన్నీ దాని ఎంగిలేనట!"

బ్యాండు ఆగిపోయింది. షాంపేన్ కన్నా ముందే ఇక్కడి మఠంలో సన్యాసుల సీసాల్లో నురగ పుట్టిందని మా ఊరి నమ్మకం. ఆ మాట ఎత్తితే ఇక్కడ తలలు పగులుతాయి.

బాతిస్త్ వకీలు వైపు తిరిగాడు. "అయ్యా, మీవాడు అన్నది నిజమైతే నేరం లేదు. నిజమేనా?"

అవునంటే నా వైన్ పోతుంది. కాదంటే రీమ్స్‌లో ఆయన తలెత్తుకోలేడు. గోంత్రాన్ గారు చేతిలో గ్లాసు చూశాడు. రాజు మొహం చూశాడు. గ్లాసులో మిగిలింది ఒక్క గుక్కలో తాగేశాడు.

"అబద్ధం," అన్నాడు. "మావాడు ముప్ఫై ఏళ్ళుగా ఇదే అబద్ధం ఆడుతున్నాడు."

"బొమ్మని కట్టింది ఈ జనవరిలోనే కదండీ?" అన్నాడు పోస్టుమాన్.

దివిటీ వచ్చేలోగా గోంత్రాన్ గారు పోయి గడ్డిరాజుని గట్టిగా కావలించుకున్నాడు. విడదీయడానికి నలుగురం పట్టాల్సొచ్చింది. బొమ్మ అంటుకున్నాక, టోపీ తీసి ఏడుస్తూ నిలబడ్డాడు. అనని మాట ఆ రాజుకి అంటగట్టింది నేనే కదా, నేనూ ఆయన పక్కనే నిలబడి ఏడ్చాను.