పెళ్లిరొట్టె గదిలో రాసుకున్న చీటీలు

నా చీటీల పెట్టెను బల్ల మీద పెట్టి, నా పరిశోధనకు గైడైన జెనోవియ్ సార్ అవి తనవని చెప్పాడు.

లూత్స్క్‌ విశ్వవిద్యాలయంలోని మా భాషా విభాగం ఆ ఉదయం ఆయన పుస్తకాన్ని ఆమోదించాలో లేదో తేల్చాలి. ఆమోదిస్తే నా ఎనిమిదేళ్ల పరిశోధన, నా డాక్టరేటు రెండూ పోయినట్టే. పరిశీలిస్తానని పెట్టె తీసుకెళ్లి పుస్తకంతో తిరిగొచ్చిన మనిషి ఆయన. ఏ వాక్యం ఎవరి నోట విన్నానో చీటీల మూలల్లో నేను రాసిన పేర్లన్నీ బ్లేడుతో గీకేశాడు.

'చూడలేదు', 'కోయలేదు' అన్నప్పుడు, ఆ చూడని, కోయని వస్తువు పేరు మా ఉక్రేనియన్‌లో విభక్తి మార్చుకుంటుంది. ఒక్కోసారి మార్చుకోదు. ఎప్పుడేది అన్నది తేల్చడానికి ఊరూరా తిరిగి, ఆడవాళ్ల నోట విన్న వాక్యాలు రాసుకున్నాను. సగానికి పైగా వెర్బివ్కా అనే పల్లెలో, పెళ్లిలో అందరికీ పంచే పెళ్లిరొట్టె చేసే గదిలో విన్నవే.

లేచి, అవి నావన్నాను. ఆయన తొణకలేదు.

"కోపం తగ్గించుకో యరీనా. నా దగ్గర పనిచేసినంత మాత్రాన నా పనంతా నీదైపోతుందామ్మా?"

ఎవరో నవ్వారు.

పరీక్షకురాలు పరాస్కా గారు పల్లెటూళ్లో పుట్టి పెరిగిన మనిషి. ఒక చీటీ తీసి చదివారు: 'ఈస్టు ఇంకా వేయలేదు, తలుపు తీయకండి.' ఇదెక్కడ విన్నారని ఆయన్ని అడిగారు.

"వెర్బివ్కాలో. పిండితొట్టి పక్కనే కూర్చుని రాసుకున్నాను."

"లోపలే?"

"లోపలే. కాస్త పిండి నా చేత కూడా పిసికించారు."

పరాస్కా గారు కళ్లజోడు తీశారు. "మా అమ్మ జీవితమంతా పెళ్లిరొట్టెలు చేసింది నాయనా. మొదటి మొగుడితో కాపురం చేస్తున్న ఆడవాళ్లు తప్ప ఆ గదిలోకి ఎవరూ రాకూడదు. మా నాన్ననే గడప దాటనివ్వలేదు. నీ చేతికి పిండిచ్చారా?"

ఈసారి నవ్వు ఆయన వైపు తిరిగింది. ఆవిడ చీటీ తిప్పారు. వెనక పిండి ఎండి అట్టకట్టి ఉంది.

"నువ్వు లోపలికి వెళ్లావా?" అని నన్నడిగారు.

"వెళ్లాను. అప్పట్లో నేనింకా మా ఆయనతో కాపురం చేస్తున్నాను."

విభాగం వాళ్లు పుస్తకాన్ని తిరస్కరించి, పెట్టె నా ముందుకు తోశారు. జెనోవియ్ సార్ నా కుర్చీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, ఇద్దరి పేర్లూ వేసుకుందామన్నాడు.

"మీ పేరుకి ఇందులో చోటు లేదు సార్."

కలం తీశాను. గీకేసిన మొదటి మూలలో, 'ఈస్టు ఇంకా వేయలేదు' అన్న ఆవిడ పేరు గట్టిగా నొక్కి రాశాను: హన్నా, వెర్బివ్కా.